అలుగు బరువెంత

పదవీ విరమణ చేసిన నాటి నుంచి నీటిపారుదల ఇంజనీరు గారిని ఎవరూ ఏమీ అడగలేదు. వంటింటి కొళాయి చుక్కచుక్కగా కారుతున్నా ఇంట్లోవాళ్ళు ప్లంబరునే పిలిచారు. ముప్ఫై మూడేళ్ళు వాగులకు నడక నేర్పిన మనిషి పక్కగదిలోనే ఉన్నాడన్న సంగతి ఎవరికీ తోచలేదు. అటువంటి మనిషికి ఒక సోమవారం ఉదయం విజ్ఞాన సర్వస్వం కార్యాలయం నుంచి మందపాటి కవరు వచ్చింది. పైన ఒక ఉత్తరం: "జతపరచిన ‘అలుగు’ వ్యాసాన్ని ఆ రంగంలో నిష్ణాతులైన తమరు సమీక్షించి పంపగలరు. సమీక్షకులుగా తమ పేరు వ్యాసం కింద అచ్చవుతుంది."

చెరువు నిండినప్పుడు కట్ట తెగకుండా, మిగులు నీరు పొర్లిపోవడానికి కట్టే అడ్డుగోడ పేరు అలుగు. ఇంజనీరు గారు అటువంటివి నలభై ఒకటి కట్టించారు. జతపరచిన కాగితాలు తిప్పి చూడకుండానే ఆయన ఆ ఉత్తరాన్ని భార్యకు చదివి వినిపించారు, బావమరిదికి ఫోనులో వినిపించారు, లిఫ్టులో దొరికిన మూడో అంతస్తు పంటి డాక్టరుకు నాలుగంతస్తుల మేర వినిపించారు. డాక్టరు తన అంతస్తు దాటిపోయినా మర్యాద కొద్దీ విన్నాడు.

మధ్యాహ్నం కళ్ళజోడు తుడుచుకొని, ఎర్ర పెన్ను తెరిచి, వ్యాసం మొదలుపెట్టారు.

"అలుగు పొలుసులు గల చిన్న అడవి జంతువు. దీనికి దంతాలు ఉండవు. పొడవైన నాలుకతో చీమలను, చెదలను తింటుంది. బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది."

ఆయన మళ్ళీ చదివారు. జంతువు అక్కడే ఉంది.

"ఏమైందండీ, అలా అయిపోయారు?" అంది భార్య.

"ఏం లేదు. కాస్త లోతైన విషయం."

ఆమె భుజం మీంచి తొంగి చూసింది. "ఇది మీ అలుగు కాదుగా. పొరపాటున వచ్చిందని తిప్పి పంపేయండి."

"ఎలా పంపను? మీ తమ్ముడికి చెప్పేశాను."

"పంటి డాక్టరుకీ చెప్పారు. పళ్ళు లేని జంతువని తెలిస్తే ఆయన మరీ సంతోషిస్తాడు." ఆమె తువ్వాలు మడతపెడుతూ వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగింది. "నేను అలిగితే ఏనాడూ కన్నెత్తి చూడలేదు. ఎవరి అలుగుకో ఎర్ర పెన్ను తీశారు. బాగుంది."

తిప్పి పంపితే పేరు పోతుంది. పేరు పోతే బావమరిది జీవితాంతం నవ్వుతాడు. అందుచేత ఇంజనీరు గారు నిపుణులుగానే కొనసాగడానికి నిశ్చయించుకున్నారు. మొదటి పేజీలో రెండు కామాలు చేర్చారు. రెండో పేజీలో తోక పొడవు ఏ బిందువు నుంచి ఏ బిందువుకు కొలిచారో స్పష్టం చేయవలసిందని రాశారు. అందులో ఎంతో విద్వత్తు ఉట్టిపడింది. మూడో పేజీలో పెన్ను ఆగిపోయింది.

"పెరిగిన అలుగు బరువు పన్నెండు కిలోలు. పుట్టినప్పుడు పిల్ల బరువు పదహారు కిలోలు."

చెరువు పట్టే నీటికన్నా పొర్లిపోయే నీరు ఎక్కువన్నట్టుంది. ఇటువంటి లెక్క ఆయన తన సర్వీసులో చూడలేదని కాదు. చూసి సంతకం పెట్టారు. వ్యాసం చివర మూడు రంగుల సిరాలో మూడు సంతకాలు, అందులో ఒకటి జంతుశాస్త్ర ప్రొఫెసరుది, ముగ్గురూ ‘అంగీకరించడమైనది’ అన్నారు. నాలుగో గడి ఖాళీగా ఎదురుచూస్తోంది. ఆయన కట్టించిన నలభై ఒకటిలో ఒకటి తొలి వర్షానికే కట్టతో సహా కొట్టుకుపోయింది. దాని కాగితాల మీదా ఇలాగే మూడు సంతకాలుండేవి. జీపు దిగకుండా పెట్టిన నాలుగోది ఆయనది.

ఆయన జూకు ఫోను చేశారు. కాపలాదారు నవ్వి, "పిల్ల అరకిలో కూడా ఉండదు సార్, తల్లి తోక మీదెక్కి తిరుగుతుంది," అన్నాడు.

తరువాత విజ్ఞాన సర్వస్వం సంపాదకుడికి చేశారు.

"సార్, ఒక్క చిన్న సంతకం. శుక్రవారం అచ్చుకి వెళ్ళాలి."

"బాబూ, తల్లికన్నా పిల్ల బరువెక్కువుంది."

"ప్రొఫెసర్ గారు చూశారు సార్."

"ఎత్తుకుని చూశారా?"

"మీ రంగం మీకు తెలుసు కదా సార్. అందుకేగా మీకు పంపాం."

"నా రంగం నీళ్ళు."

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "అంటే అది నీళ్ళల్లో కూడా ఉంటుందా సార్? అయితే ఆ ముక్క కూడా రాసేయండి."

ఇంజనీరు గారు ఫోను పెట్టేసి చాలాసేపు నాలుగో గడిని చూశారు. తన పేరు అందులో ఎంత చక్కగా ఇముడుతుందో చూశారు. ఆపైన వేరే కాగితం తీసి రాశారు: "నేను నీటిపారుదల ఇంజనీరును. ఈ జంతువును చూసి ఎరుగను. కనుక నా పేరు వేయకండి. కాని పన్నెండు కిలోల తల్లికి పదహారు కిలోల పిల్ల పుట్టదని చెప్పడానికి ఏ శాస్త్రమూ అక్కరలేదు. పిల్ల అరకిలో కూడా ఉండదని జూ కాపలాదారు చెప్పారు. సరిచేయగలరు."

కవరు అంటించి తానే పోస్టుకు బయలుదేరుతుంటే, భార్య గొడుగు అందించింది.

నాలుగు నెలలకు సంపుటం వచ్చింది. దానితోపాటు బావమరిదీ వచ్చాడు.

"బావగారూ, మీ పేరు పడింది. లావు అక్షరాల్లో. ‘అలుగు శాస్త్ర నిపుణులు’ అట."

ఇంజనీరు గారి వేలు మూడో పేరా మీదికి వెళ్ళింది. తప్పు దిద్దారు. కాపలాదారుకు డిగ్రీ లేనందున పిల్ల జోలికి పోలేదు; పదహారు కిలోలు పదహారుగానే ఉన్నాయి. తల్లిని మాత్రం నలభై కిలోలకు పెంచారు.

"చీమలు తిని నలభై కిలోలా?" అన్నాడు బావమరిది. "మా ఇంట్లో చెప్పకండి బావగారూ, డైటింగు మానేస్తారు."

ఇంజనీరు గారు లేచి పడకగదిలోకి వెళ్ళారు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకొని, దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నారు. కొంతసేపటికి భార్య పుస్తకం పట్టుకొని గుమ్మంలో నిలబడి నిదానంగా చదివింది.

"బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది." మంచం వైపు చూసింది. "ఈ ఒక్క ముక్క మాత్రం సరిగ్గా రాశారండీ."

ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది. దుప్పటి లోపలి నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

"ఆ ఎర్ర పెన్ను ఇలా ఇవ్వు. ముందు నా పేరు కొట్టేయాలి."