పాల వాసన పట్టిన పాతచీర పేలిక

నేను ఒక పాతచీర పేలికను. వరహాలమ్మ గారి ఒంటిమీద ఏళ్ల తరబడి నలిగి మెత్తబడ్డాక, పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలు కావాలని ఆవిడే నన్ను చింపింది. పసిగుడ్డుకు కొత్తబట్ట పనికిరాదట. పాతబడినందుకు నాకు దక్కిన గౌరవం అది!

మనవరాలు నెలలు నిండకుండానే పుట్టింది. దాన్ని గాజుపెట్టెలో పెట్టారు. ఆపరేషనయిన తల్లి నీలవేణి వేరే వార్డులో ఉంది. గొట్టంతో పాలు పోస్తున్న పిల్ల రేపు తన రొమ్ము పడుతుందా అని ఆమెకు ఒకటే బెంగ.

"నేనెవరో దానికి తెలుస్తుందా సిస్టరు గారూ?" అని నర్సు రూతమ్మను అడిగింది.

"కళ్లతో పనేంటమ్మా, పసివాళ్లు ముక్కుతోనే పట్టేస్తారు" అంటూ రూతమ్మ నన్ను నీలవేణి రొమ్ముల మధ్య కాసేపు ఉంచి, తీసుకెళ్లి పిల్ల చెంపపక్కన పెట్టింది. ఏడుస్తున్నది కాస్తా ఆగింది. మొహం నావైపు తిప్పి పెదాలు చప్పరించింది. అదంతా నా గొప్పేననుకుని పొంగిపోయాను.

వరహాలమ్మ గారికి పురిటి మైలంటే పడదు. నన్ను ఇంటికి పట్టుకెళ్లి, సబ్బు వేసి ఉడకబెట్టి, సాంబ్రాణి పొగ పట్టించి తెచ్చింది. ఈసారి పిల్ల మొహం అటు తిప్పేసుకుని గుక్కపట్టింది. నా గొప్ప ఏపాటిదో అప్పుడు తెలిసొచ్చింది.

"ఇంత శుభ్రంగా ఉతికి తెచ్చానే!" అని ఆవిడ బిక్కమొహం వేసింది.

"శుభ్రంగానే ఉతికారండీ మామ్మగారూ. దాంతోపాటు వాళ్లమ్మని కూడా ఉతికేశారు" అంది రూతమ్మ.

వరహాలమ్మ గారు మైలా గియిలా మరిచి, తనే నన్ను కోడలి గుండెలమీద పరిచింది. ఆ తర్వాత మళ్లీ సబ్బు మొహం చూపించలేదు.

పిల్ల తేరుకున్నాక తల్లి గుండెలమీద పడుకోబెట్టారు. కళ్లయినా తెరవకుండా ముక్కుతో తడుముకుంటూ, పాకినట్టే కదిలి, రొమ్ము అందుకుంది.

"నన్ను గుర్తుపట్టింది అత్తయ్యా!" అని నీలవేణి భోరుమంది. ఆ సంబరంలో నేను మంచం కిందికి జారిపోతే చూసినవాళ్లు లేరు.

ఇప్పుడు నేను ఆ ఇంట్లో మసిగుడ్డను. ఒళ్లంతా చారు వాసన. అప్పుడప్పుడు గిన్నె దించబోతూ నీలవేణి నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. పిల్ల చెంపపక్కన పట్టిన ఆ పసివాసన నాలో ఎప్పుడో పోయింది. నన్ను గట్టుమీద పడేసి, ఆడుకుంటున్న కూతుర్ని ఒడిసిపట్టుకుని దాని నడినెత్తిన ముక్కు పెట్టి వాసన చూస్తుంది.

"వదులమ్మా!" అని గింజుకుంటుంది పిల్ల.