నాలా గట్టు మీద తలుపు

నేను ఒక తలుపును. అలాంటిలాంటి తలుపును కాను, హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి గదికి ఏళ్ల తరబడి కాపలా కాసినదాన్ని. చుట్టూ టేకు చట్రం, పైనా కిందా ప్లైవుడ్, మధ్యలో చెక్కముక్కలు కుక్కి, జిగురు పూసి, మిషన్ కింద నొక్కి నన్ను తయారు చేశారు. పైకి నున్నగా, లోపల అతుకులబొంతగా ఉంటాను. మనుషుల్లోనూ ఈ రకాన్ని చాలామందిని చూశాను కాబట్టి నన్నేమీ అనకండి.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. మనుషులకు జరిగింది చాలదు, దాని ఫోటో కావాలి. పెళ్లికూతురు కళ్లు తుడుచుకుని, గుండె చిక్కబట్టుకుని బయటికి అడుగు పెట్టేసరికి ఫోటోగ్రాఫర్ చెయ్యి అడ్డం పెట్టి, "సరిగ్గా రాలేదమ్మా, మళ్లీ లోపలికెళ్లి రండి" అనేవాడు. ఆ పిల్ల లోపలికి వెళ్లి, అప్పుడే మొదటిసారి వస్తున్నట్టు వచ్చేది. నేనూ మళ్లీ తెరుచుకునేదాన్ని, ఏం చేస్తాను. చివరికి గది కడిగిన నీళ్లకు నా కింది అంచు ఉబ్బిందని నన్ను పీకేసి అద్దాల తలుపు పెట్టారు. నేను పాత కలప డిపోలో పడ్డాను.

అక్కడ చందన అనే అమ్మాయి నన్ను వేళ్లతో తట్టి చూసి, "ఇది గట్టిగుంది, తీస్కపోదాం" అంది. వెంట ఆమె స్నేహితులిద్దరు, సృజన్, నవీద్. ముగ్గురూ నన్ను ట్రాలీ ఆటో ఎక్కించి, మూతబడ్డ సినిమా హాలు ముందు దించారు. ఒక కొస నేల మీద, ఇంకో కొస ఇటుకల మీద పెట్టి వాలుగా పడుకోబెట్టారు. పరువుగా నిలబడి బతికినదాన్ని, వెల్లకిలా పడుకోవడమేమిటని నేను కుతకుతలాడుతుండగానే సృజన్ సైకిల్ తొక్కుకుంటూ వచ్చి నా మీదుగా గాల్లోకి లేచాడు. నా జన్మలో అంత బిత్తరపోయింది లేదు.

ఆ సైకిళ్ల సంగతి చెప్పాలి. మడ్‌గార్డులుండవు, స్టాండుండదు. సీటుంటుంది గానీ కూర్చునేందుకు కాదు. చక్రాలు చూస్తే చిన్నపిల్లల సైకిల్‌వి. వాటి మీద గాల్లోకి లేచి హ్యాండిల్ గిర్రున తిప్పి మళ్లీ పట్టుకోవడమే వాళ్ల విద్య. నన్ను ఊరంతా తిప్పారు. కాజీపేట దారిలో సగంలో ఆగిన అపార్టుమెంటు, వాటర్ ట్యాంకు మెట్లు, ఎక్కడ వాలు దొరికితే అక్కడ. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వస్తే సైకిళ్లెక్కి పారిపోయేవారు, నన్ను మాత్రం వదిలేసి. తర్వాత చందన వెళ్లి ఆ వాచ్‌మన్‌ను బతిమాలి నన్ను విడిపించుకొచ్చేది.

వీళ్లలాంటి పిల్లలు ఇంకొందరు ఆదివారాలు స్టేడియం బయట కలిసేవారు. వాళ్లందరికీ ఒకటే చట్టం. ఫోటో లేకపోతే దూకనట్టే. దిగేటప్పుడు కాలు నేలకు తాకినా దూకనట్టే, అలాంటి ఫోటో ఎంత బాగున్నా నవీద్ అక్కడికక్కడే తీసిపారేసేవాడు. కెమెరా అతనిది, మాటా అతనిదే. అతను "అచ్చింది" అంటే వచ్చినట్టే. ఎవరూ కెమెరాలోకి తొంగి చూసి ఎరగరు.

సృజన్ కన్ను మాత్రం నాలా మీదే ఉండేది. ఊరి మురుగునీళ్లు పోయే ఆ కాలువకు రెండు వైపులా సిమెంటు గోడలు లేపారు. ఇవతలి గోడ వెంబడి ఇనుప చువ్వలు నిటారుగా ఉన్నాయి. ఇంతవరకు ఎవరూ సైకిల్‌తో దాన్ని దాటలేదు. ఒక సాయంత్రం చందన, "రేపు స్లాబులేస్తరంట" అని కబురు తెచ్చింది. స్లాబులు పడితే ఇక దూకడానికి నాలాయే ఉండదు. అరగంటలో నేను గట్టు మీద ఉన్నాను, తల ఇటుకల మీద, నడుము సరిగ్గా ఆ చువ్వల పైన. నాకు ఒళ్లు జలదరించింది.

చందన అవతలి గట్టున నిలబడింది. నవీద్ నా పక్కన బోర్లా పడుకుని కెమెరా గురి పెట్టాడు. సృజన్ దూరం నుంచి తొక్కుకుంటూ వచ్చాడు. ముందు చక్రం ఎక్కింది, వెనక చక్రం ఎక్కింది, అతని బరువంతా నా నడుము మీద పడింది. లోపల ఎక్కడో టప్పుమంది. సృజన్ గాల్లో ఉన్నాడు.

"దిగిండు. కాలు తాకలే" అంది చందన అవతలి నుంచి. ఆ మాటకు నేను పొంగిపోయాను, నా నడుము విరిగిన సంగతి కూడా మరిచిపోయాను.

"అచ్చిందా?" అన్నాడు సృజన్.

నవీద్ కెమెరాలో చూశాడు. నాలోంచి వచ్చిన చప్పుడుకు ఉలిక్కిపడ్డాడేమో, చెయ్యి కదిలింది. బొమ్మలో అలుక్కుపోయిన మబ్బు తప్ప ఏమీ లేదు. "రాలే" అన్నాడు, అలవాటుగా, ఉన్నదున్నట్టు.

"అయితే మళ్ల కొడ్త. ఎలుతురు పోకముందే." సృజన్ పక్కనున్న కల్వర్టు మీదుగా తిరిగొచ్చి, మళ్లీ దూరం జరిగాడు. నవీద్ లేవబోతూ నా మీద చెయ్యి ఆనించాడు. నేను కిందికి కుంగాను. అతను వంగి నా అడుగు వైపు చూశాడు. ప్లైవుడ్ అడ్డంగా చీలింది, చీలిక కింద చువ్వలు. మొత్తుకోవాలని నాకెంత ఉన్నా నోరేదీ? పెడల్ చప్పుడు మొదలైంది.

విరిగిందని చెబితే చాలదా అంటారా? వాటర్ ట్యాంకు దగ్గర నేను ఊగుతున్నానని చందన మొత్తుకుంటే, సృజన్ నా కిందికి ఇంకో ఇటుక తోసి దూకాడు. మోచేయి విరిగింది. కట్టు విప్పీ విప్పకముందే మళ్లీ నా మీదికి వచ్చాడు. అలాంటివాడికి చెప్పి ఆపలేమని నవీద్‌కు తెలుసు.

నవీద్ నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఆగురా. మళ్ల చూసిన. అచ్చింది."

బ్రేకు కీచుమంది. ముందు చక్రం నా అంచుకు తగిలి ఆగింది. సృజన్ చూపియ్యమనలేదు. సైకిల్ వదిలేసి నవీద్‌ను గట్టిగా వాటేసుకున్నాడు. అవతలి గట్టున చందన అప్పటికే ఫోన్ తీసి, నాలా దుంకిండు, ఫోటో అచ్చింది అని గుంపులో అందరికీ పెట్టేసింది. నవీద్ కెమెరాను వీపు వెనక్కి తిప్పుకోవడం నేనొక్కదాన్నే చూశాను.

ఆటో దొరక్క నన్ను అక్కడే వదిలి వెళ్లారు. పొద్దున్నే సృజన్ వచ్చాడు, వెనకే నవీద్, చందన. ఫోటో రాలేదన్న నిజం అప్పటికే బయటపడినట్టుంది. నాలా పైన క్రేన్ స్లాబులు దించుతోంది.

"నీ మాట నమ్మిన గదరా. ఎందుకు అబద్ధమాడినవ్?" అన్నాడు సృజన్.

"తలుపు ఇరిగింది లోపట. చెప్తే ఇంటవా నువ్వు? ఇటుక పెడ్తవ్, మళ్ల దుంకుతవ్."

"ఏడ ఇరిగింది? చూపియ్." అంటూనే సృజన్ చెప్పులతో నా మీదికెక్కి నాలుగడుగులు వేశాడు. ఆపడం నా వల్ల కాలేదు. నడుము దగ్గర ఫెళ్లున రెండుగా విరిగాను. అతని కాలు మోకాలి దాకా కిందికి దిగింది, ఒక చువ్వ పిక్కను గీరుతూ పోయింది. చందన, నవీద్ చెరో రెక్క పట్టి పైకి లాగారు. సృజన్ ఆ సందులోంచి చువ్వలను చాలాసేపు చూశాడు. తర్వాత నవీద్ భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆదివారం నా రెండు ముక్కలూ స్టేడియం గోడకు ఆనించి ఉన్నాయి. అనుమానంతో కాదు, ఆశతో గుంపంతా నవీద్ చుట్టూ చేరింది. "ఫోటో ఏది? నాలాది చూపియ్."

నవీద్ చెప్పేద్దామని నోరు తెరిచాడు. అబద్ధమని ఒప్పుకుంటే ఇక అతను "అచ్చింది" అన్నా ఎవరూ నమ్మరు. అతనికంటే ముందు సృజన్ అందుకున్నాడు.

"ఫోటో అచ్చింది గని, దిగేటప్పుడు కాలు తాకింది. నేనే తీసెయ్యమన్న."

"గంతేనా? నిజంగ దుంకినవనుకున్నం" అన్నారెవరో. నవ్వారు. సృజన్ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. చందన తల వంచుకుని నా అంచు నుంచి ఒక పేడు పీకుతూ కూర్చుంది. నవీద్ మాత్రం కెమెరా తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

ఇప్పుడు నాలా మీద వేసిన స్లాబులపై మిర్చి బండి పెట్టారట. ఆ ముగ్గురూ ఈ మాట ఎన్నడూ ఎవరికీ చెప్పరు. నాకా కట్టుబాటు లేదు. ఆ సాయంత్రం సృజన్ నాలా దూకాడు. కాలు తాకలేదు.