నీలి దీపం కింద చేతులు

ఇంట్లో అందరూ ఆవిడని చాటుగా "సబ్బత్తయ్య" అనేవాళ్ళు. ఎవరొచ్చినా చేతులు కడిగించందే గడప దాటనివ్వదు మరి. అలాంటి మనిషిని పట్టుకుని ఆసుపత్రిలో నర్సు, "చేతులు కడుక్కోవడం చూపిస్తాను రండి మామ్మగారూ" అనేసరికి ఒళ్ళు మండింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ కడుగుతున్నానమ్మాయ్!"

పక్కనున్న కోడలు నవ్వబోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అద్దం అవతల గాజుపెట్టెలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఏ చిన్న క్రిమి సోకినా తట్టుకోలేదన్నారు. ఇవాళే మొదటిసారి నాయనమ్మని ముట్టుకోనిస్తారు, అదీ ఈ నర్సు సరేనంటేనే.

నర్సు ఆవిడ అరచేతుల్లో తెల్లటి పూత వేసి రుద్దుకోమంది. "ఇవే క్రిములనుకోండి. ఇంట్లో ఎలా కడుక్కుంటారో అలాగే కడుక్కురండి."

వెళ్తూ వెళ్తూ ఆవిడ కోడలి చెంప తుడిచింది. "ఊరుకోవే, పిచ్చిపిల్లా." కుళాయి దగ్గర జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది. నురగ తేలేలా రుద్ది కడిగి, ఇక చూసుకో అన్నట్టు చేతులు చాపింది.

నర్సు లైటు ఆర్పి, చిన్న నీలి దీపం వెలిగించింది.

గోళ్ళ అంచుల్లో, వేళ్ళ సందుల్లో, బొటనవేలి మొదట్లో చుక్కలు పొడిచినట్టు మెరుపులు. కుళాయి మీదా మెరుపే. గోడ అద్దంలో చూసుకుంటే కళ్ళజోడు అంచునా మెరుపే. దీపం కోడలి వైపు తిరిగింది. చెంప మీద, తను తుడిచిన చోట, నాలుగు వేళ్ళూ వెలుగుతున్నాయి.

"ఇదంతా నేనేనా?"

"దీపానికి కనపడేది ఈ పూతే మామ్మగారూ. అసలు క్రిములైతే దీనికీ కనపడవు."

ఆవిడ మళ్ళీ కుళాయి దగ్గరికి నడిచింది. ఈసారి నర్సు చెప్పినట్టల్లా, వేలువేలునా, గోరుగోరునా రుద్దింది. దీపం కింద చేతులు చీకటిగానే ఉండిపోయాయి. నర్సు తలూపింది.

గాజుపెట్టె దగ్గరికి వెళ్తుంటే కళ్ళజోడు మళ్ళీ జారింది. లేచిన చెయ్యి సగంలో ఆగింది.

"ఒసేయ్, నా కళ్ళజోడు కాస్త..."

"ఉండండత్తయ్యా," అని కోడలు పైకి తోసింది.

పెట్టె పక్కనున్న గుండ్రటి కిటికీలోంచి ఆవిడ ఒక్క వేలు లోపల పెట్టింది. అగ్గిపుల్లల్లాంటి వేళ్ళు కదిలి, దాన్ని చుట్టి పట్టుకున్నాయి. సబ్బత్తయ్య ఊపిరి బిగబట్టి అలా నిలబడిపోయింది.