అటు తిరిగి నిలబడే మనిషి

"అటు తిరుగు గున్వోర్," అన్నాడు హాల్వార్.

పంతొమ్మిదేళ్ళుగా ప్రతి సెప్టెంబరులో వింటున్న మాట. బఠాణీ సూపు కలుపుతున్న గరిటెను గిన్నె మీద అడ్డంగా పెట్టి, చేతులు తుడుచుకుని, షెడ్డు గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నా వెనక పొడుగాటి బల్ల మీద తొమ్మిది కుప్పల దుప్పి మాంసం. హాల్వార్ మా వేట బృందానికి పెద్ద. కర్రతో ఏదో ఒక కుప్పను తాకి "ఇది ఎవరికి?" అని అడుగుతాడు. నేను గోడను చూస్తూ ఒక పేరు చెప్తాను. ఆ కుప్ప ఆ పేరుదే, ఇక మాట మార్చేది లేదు. పేరు చెప్పే మనిషికి వాటా ఉండకూడదు. ఉంటే ఒక కన్ను వెనక్కి లాగుతుందని మా ముత్తాతల కాలం నుంచీ నియమం. ఆ షెడ్డులో వాటా లేనివాళ్ళం ఇద్దరమే, నేనూ మా అత్త ఎల్నా. నాకు ముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గోడను చూసింది ఆవిడే.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఈ పద్ధతిని తిట్టడానికి కూర్చోలేదు నేను. ఇంత నిఖార్సైన పద్ధతి ఇంకోటి నేను చూడలేదు. హాల్వార్ కత్తి పట్టుకుని మూడు గంటలు నిలబడతాడు. తొడ మాంసం ఇంత, పక్కటెముకలు ఇంత, ఉడకబెట్టుకునే ముక్కలు ఇంత. ఒక ముక్క తీసి పక్క కుప్పలో పెడతాడు, రెండడుగులు వెనక్కి వేసి చూస్తాడు, మళ్ళీ మారుస్తాడు. ఏ కుప్ప ఎవడికి వచ్చినా ఎవడూ మొహం మాడ్చుకోకూడదు. దుప్పిని కొట్టినవాడికి ఒక ముక్క ఎక్కువ రాదు. వారమంతా మొద్దు మీద కూర్చుని కునుకు తీసినవాడికి ఒక ముక్క తక్కువ రాదు. మొన్న బుధవారం ఇంకో దుప్పిని కొట్టే అనుమతి ఉండి కూడా, "చాలు, చలికాలానికి సరిపోతుంది," అని హాల్వార్ తుపాకీ దించేశాడు. ఎవడూ గొణగలేదు. దీనికి మా భాషలో ఒక మాట ఉంది, లాగోమ్. తక్కువా కాదు, ఎక్కువా కాదు, సరిపడా. బయటివాళ్ళు ఆ మాట విని మమ్మల్ని ఉప్పూ కారం లేని మనుషులని నవ్వుతారు. నవ్వనీ. చేతికి అందినదంతా లాక్కునే లోకంలో చాలు అనగలిగినవాళ్ళ మధ్య పుట్టాను. నాకు అది గర్వమే.

ఆ మాట నాకు నోటికంటే చేతికి బాగా తెలుసు. ఊరి బడిలో వంట నాదే. నూట పన్నెండు మంది పిల్లలు. గంట కొట్టేసరికి గిన్నె అడుగు కనిపించాలి, ఏ పిల్లా ఆకలితో లేవకూడదు. నేర్పింది ఎల్నా. పెళ్ళయిన కొత్తలో కాఫీ కాయబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపింది. "గిన్నెను చూడకు. కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టు," అంది. ఇన్నేళ్ళలో నేను విన్న గొప్ప మాట అదే. ఆ లెక్కలో కాచేవాళ్ళు ఉన్నారా లేరా అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

వేట వారం వచ్చిందంటే బడికి సెలవు పెడతాను. నా సెలవులే, నా ఏడాది కోటాలోంచి. తెల్లారకముందే లేచి రొట్టెలు కోసి, చీజ్ పెట్టి, ఎనిమిది ఫ్లాస్కులు నింపుతాను. మధ్యాహ్నానికి తడి మేజోళ్ళు పొయ్యి మీద ఆరేసి, సూపు కాచి, దాల్చినచెక్క బన్నులు కాల్చి, సాయంత్రం షెడ్డు నేల మీద నెత్తురు బ్రష్‌తో రుద్ది కడుగుతాను. నా మొగుడు రూనె ఆ వారాన్ని 'మన సెలవులు' అంటాడు. నిజంగానే అంటాడు, ప్రేమగానే అంటాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది.

తొమ్మిది కుప్పలన్నాను. వేటగాళ్ళు ఎనిమిది మందే. తొమ్మిదోది ముర్రెది. ముర్రె మా కుక్క. దుప్పిని వెతికి, మొరిగి, కదలకుండా నిలేసేది అదే కాబట్టి కుక్కకూ ఒక వాటా ఉంది, అది దాన్ని పెంచినవాడికి చెందుతుంది. న్యాయమే, నేను కాదనను. కానీ దాన్ని పెంచింది రూనెనా? కాళ్ళలో ముళ్ళు తీసింది నేను. పిల్లగా ఉన్నప్పుడు నెలన్నరపాటు చెంచాతో పాలు పట్టింది నేను. వాటా కాగితంలో మాత్రం 'రూనె, కుక్కతో' అని ఉంటుంది. పంతొమ్మిదేళ్ళలో ఆ గోడ వైపు తిరిగి ఎన్ని పేర్లు పలికానో, ఈ ముర్రెకు ముందు చచ్చిపోయిన రెండు కుక్కల పేర్లతో సహా. నా పేరు ఒక్కసారి పలకలేదు.

వసంతంలో బృందం సమావేశం మా ఇంట్లోనే జరిగింది. అందరికీ కాఫీ పోసి, బన్నుల పళ్ళెం బల్ల మీద పెట్టి, నిలబడే అడిగాను. వండి పెట్టేవాళ్ళకూ వాటా ఉండాలన్నాను. ఎవరూ కోప్పడలేదు. మావాళ్ళు కోప్పడరు, అదే ఖర్మ. కోప్పడితే పోట్లాడొచ్చు. హాల్వార్ గడ్డం గోక్కుని, వాటా అడవిలో పనిచేసేవాళ్ళకు గున్వోర్, ఎప్పట్నుంచో అంతే కదా అన్నాడు. కొత్తగా చేరిన పోస్ట్‌మాన్ ఎగోన్ బన్నులు చాలా బాగున్నాయన్నాడు. ఆ రాత్రి గిన్నెలు కడుగుతుంటే రూనె వెనక నిలబడి సర్దిచెప్పాడు. మాంసం మనింటికే కదా వచ్చేది, నువ్వు తినడం లేదా, కుక్కతో కలిపి మనకు రెండు వాటాలు వస్తుంటే మూడోది అడగడం బాగుంటుందా, జనం ఏమనుకుంటారు అన్నాడు. చివర్లో ఒక మాట అన్నాడు. "కాస్త లాగోమ్‌గా ఉండు గున్వోర్."

నా చేతిలో పళ్ళెం పగలకపోవడం ఆశ్చర్యం. నేను ప్రాణంగా చూసుకునే మాటను తీసుకొచ్చి నా నోటికే మూతగా పెట్టాడు. సరిపడా అంటే అందరికీ సరిపడా అని కదా నేను నేర్చుకున్నది. మీరు నిండా తిని నన్ను చాలు అనమంటే అది ఏ కొలత? నాకు మాంసం తక్కువై అడగలేదు. వంటింటి గడప దగ్గర ఆ కొలత ఎందుకు ఆగిపోతోందని అడిగాను. బల్ల దగ్గర కూర్చున్న ఎల్నా తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. ఆవిడ కూడా వాళ్ళ వైపే అనుకున్నాను.

ఇప్పుడు గోడ వైపు తిరిగి నిలబడి ఇదంతా ఆలోచిస్తున్నాను. గోడ చెక్కలో కన్నులాంటి ముడి ఒకటి ఉంది. అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను.

"ఇది ఎవరికి?"

"ఎగోన్‌కి."

"ఇది ఎవరికి?"

"హాల్వార్‌కి."

"ఇది ఎవరికి?"

"గున్వోర్‌కి," అన్నాను.

నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. ఒకడు నవ్వాడు, తర్వాత ఆపేశాడు. రూనె, నోరు జారింది, ముర్రెకి అనబోయింది అన్నాడు. జారలేదన్నాను, వెనక్కి తిరగకుండానే. హాల్వార్ కర్ర బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత మెల్లగా అడిగాడు. "తొమ్మిది కుప్పలు, తొమ్మిది పేర్లు. నీ పేరు చెప్తే ఒకరికి లేకుండా పోతుంది. ఎవరికి లేకుండా చెయ్యమంటావో అదీ నువ్వే చెప్పు."

అది న్యాయమైన ప్రశ్న. ఇంకొకరి పళ్ళెంలోంచి లాక్కోవడం నాకు చేతకాదు, అలా పెరగలేదు నేను. నోరు మూసుకుని ముర్రె పేరు చెప్పేస్తే అయిపోతుంది. వచ్చే ఏడు మళ్ళీ ఈ ముడినే చూస్తూ నిలబడొచ్చు. ఆ ఒక్క క్షణం నేను ఓడిపోయాననే అనుకున్నాను.

వెనక చెక్క చెప్పుల చప్పుడు వినిపించింది. పొయ్యి దగ్గర్నుంచి బల్ల దాకా.

"జరుగు హాల్వార్," అంది ఎల్నా. హాల్వార్ ఆవిడకు ఆఖరి తమ్ముడు. "ఎవరికీ లేకుండా పోదు. ఒరే, నువ్వు పుట్టినప్పుడు మా ఐదుగురి గిన్నెల్లోంచి అమ్మ తలా ఒక చెంచా తీసి నీ గిన్నె నింపింది. మాలో ఎవరమైనా చచ్చామా?"

తిరిగి చూశాను. ఎనభై ఏళ్ళ మనిషి, వేళ్ళు వంకర్లు పోయాయి. అయినా కత్తి మొనతో తొమ్మిది కుప్పల్లోంచీ తలా కొంచెం తీస్తోంది. ఒక్కో కుప్ప దగ్గరా ఆగి, సరిపడా చూసుకుని తీస్తోంది. తొమ్మిదింటిలో ఏదీ తగ్గినట్టు కనిపించలేదు. పదోది మాత్రం లేచింది. నా వైపు చూడకుండానే అంది. "కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టమని నేర్పాను నీకు. నిలబడ్డవాళ్ళను వదిలేశాను. తప్పు నాదే."

హాల్వార్ కాసేపు పదో కుప్పను చూశాడు. ఎగుడుదిగుడు కుప్పను చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. తన చేత్తోనే ఒక పక్కటెముక తీసి అందులో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, తల ఊపాడు. అందుకే ఆ మనిషంటే నాకు గౌరవం. సరైన కొలత కంటికి కనపడితే దానికి ఎదురు నిలవడు.

సూపు అడుగంటుతున్న వాసన వచ్చింది. అందరూ నా వైపు చూశారు. నేను కదల్లేదు. కాసేపటికి రూనె వెళ్ళి గరిటె పట్టుకున్నాడు.

"సరే, మొదట్నుంచీ వేద్దాం," అన్నాడు హాల్వార్. "అటు తిరుగు గున్వోర్."

"తిరగకూడదు కదా. నాకు వాటా ఉంది."

పోస్ట్‌మాన్ ఎగోన్ ముందు నవ్వాడు. హాల్వార్ అలవాటు కొద్దీ ఎల్నా వైపు చూశాడు. ఆయన చూశాడని అందరూ చూశారు. వాటా లేని మనిషి ఇక ఆవిడ ఒక్కతే. ఆవిడ కూడా ముప్ఫై ఒక్క ఏళ్ళ పాత అలవాటు చొప్పున కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని గోడ వైపు ఒక అడుగు వేసింది.

నేను ఆ కత్తి అందుకున్నాను. పది కుప్పల్లోంచీ తలా కొంచెం తీశాను, ముందుగా నా దాంట్లోంచే. హాల్వార్ నా చెయ్యినే చూస్తూ నిలబడి, చివరికి తల మీది టోపీ తీసి, పేర్ల చీటీలు వెయ్యడానికి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. పదకొండో కుప్ప పూర్తయ్యేసరికి, ఆ షెడ్డులో అటు తిరిగి నిలబడడానికి ఎవరూ మిగల్లేదు.