చంద్రవ్వ మొక్కిన కోడె

చంద్రవ్వ దగ్గర ప్రతిదానికీ ఒక మాట ఉండేది. పుట్టింటికి పోయొస్తావా అని భర్త రామచంద్రం అడిగితే, "గాలికి ఇల్లుండది, ఆడిదానికి ఇల్లే ఉంటది, గాలుండది" అని నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో ఆయన ఎన్నడూ ఆరా తీయలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు.

ఆయనకు గుండె, ఆమెకు కిడ్నీలు, ఇద్దరికీ ఒకే ఏడు జబ్బు చేసింది. అప్పుడే ఆమె ఇంట్లో పుట్టిన కోడెదూడను వేములవాడ రాజన్నకు మొక్కింది. బాగైతే ఇస్తానని మొక్కి ఉంటుందనుకున్నారంతా. ఆయన కోలుకున్నాడు, ఆమె పోయింది. దూడ మాత్రం ఏపుగా పెరిగింది.

ఏడాది మాసికం అయ్యింది. ఇక గుడికి పోవచ్చు. కూతురు పద్మలత అడ్డం నిలబడింది.

"ఇయ్యొద్దు బాపు. అవ్వను బతికియ్యని దేవునికి కోడె ఎందుకు? అవ్వ చేతుల పెరిగింది గిదొక్కటే మిగిలె."

రామచంద్రానికి ఆ మాట తప్పనిపించలేదు. దేవుడితో బేరమేమిటని చెంపలేసుకున్నాడు గానీ, దూడ గంగడోలు నిమురుతున్న చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు.

మాసికానికి వచ్చిన చంద్రవ్వ చెల్లెలు కొమురవ్వ అరుగు మీద కూర్చుంది. "ఏం బావా, అక్క లేదని చాయ్ గూడ బందేనా?" అని ఎకసెక్కం ఆడబోయి, సంగతి విని మెత్తబడింది.

"బతికితే ఇస్తనని మొక్కలే బావా. నీకన్న ముందుగాల తనే పోవాలెనని మొక్కింది. ఎవలకు చెప్పనని ఒట్టేయించుకున్నది."

కొమురవ్వ కొంగుతో కళ్ళొత్తుకుని మళ్ళీ అందుకుంది.

"మా బాపు పోయినంక అవ్వను లగ్గాలల్ల ఎనక నిలబెట్టిరి. అది సూసింది అక్క. పందిరి కూలినంక తీగకు నేలే గతి, తీగనే ముందుగాల ఎండాలె అనేది."

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు రామచంద్రం.

"చెప్తే నువ్వు ఎదురు మొక్కుతవని."

ఆయన మొక్కనే మొక్కాడు. ఆమె బతకాలని, అదే రాజన్నకు.

సోమవారం ట్రాలీ ఆటోలో కోడెను పద్మలతే పట్టుకుని కూర్చుంది. గుడి చుట్టూ తిప్పి, కట్టేసే చోట రామచంద్రం ఆగాడు.

"ఆమె అడిగింది ఇచ్చినవ్ స్వామీ. ఇగో, నీది నీకు. నేనడిగింది గూడ చెడ్డది కాదు గదా? రెండు మొక్కులు నీ ముందటనే ఉండె. నాదెందుకు ఇనబడలే?"

వెనక ఇంకో కోడెతో ఎవరో, "జర జల్ది తాతా" అన్నారు.

ఆయన ముడి వేసి పక్కకు జరిగాడు.