మూడో మెట్టు

కొరీన్ ప్రూయిట్‌ని నలుగురి ముందూ నిలబెట్టి తల దించుకునేలా చేయాలని నేను ఏప్రిల్‌లోనే తీర్మానించుకున్నాను. ఎలా చేయాలన్నదే ఆగస్టు దాకా తట్టలేదు. నాది పాము పగ అంటాడు మా ఆయన వెండెల్. అననీ. ఆ పాముని తొక్కిందెవరో కూడా చెప్పాలి కదా!

మా సంఘం పేరు ‘ఒలీవ కొమ్మ’. పధ్నాలుగు కుటుంబాలం. పిల్లల్ని బడికి పంపం, ఇంట్లోనే చదివించుకుంటాం. మంగళ, గురువారాలు మాత్రం అందరం ఒకచోట చేరతాం. ఒకరు లెక్కలు, ఒకరు లాటిన్, ఒకరు కుట్టుపని, తల్లులమే తలా ఒకటి చెబుతాం. ఏడేళ్ళు ఊరి లైబ్రరీ కింద నేలమాళిగలో, తడివాసన పీలుస్తూ నడిపాం. అందరి మీదా పెత్తనం కొరీన్‌ది. ఎవరు ఏ గదిలో చెప్పాలి, ఎవరు పసిపిల్లల్ని చూసుకోవాలి, ఎవరు బిస్కెట్లు తేవాలి, అన్నీ ఆవిడ రాసి గోడకి అంటించిన పట్టీ ప్రకారమే.

నా కూతురు కెజీయాకి తొమ్మిదేళ్ళు. దానికి చదవడం రాదు. అక్షరాలు దాని కళ్ళ ముందు కుదురుగా నిలబడవు. నేను చేయని ప్రయత్నం లేదు. ఇసుకలో రాయించాను, పిండితో అక్షరాలు చేయించాను, పాటలు కట్టి పాడించాను. నా పిల్లకి నేనే చదువు చెప్పుకుంటానని పంతం పట్టిన తల్లికి ఇంతకన్నా తలవంపులు ఏముంటాయి? ఈ సంగతి తెలిసింది మా ఇంట్లో మాకూ, పిల్లల్ని ఏ క్లాసులో వేయాలో చూసే కొరీన్‌కీ.

“ఎవరికీ చెప్పకమ్మా. తెలిస్తే నన్ను చిన్నపిల్లల్లో కూర్చోబెడతారు” అని కెజీయా చిటికెన వేలు చాపింది. నా వేలు దాని వేలికి మెలేసి మాటిచ్చాను. క్లాసులో అది పుస్తకం తెరిచి పట్టుకుంటుంది, పక్కపిల్ల పేజీ తిప్పితే తనూ తిప్పుతుంది. చెవిన పడ్డది మాత్రం ఒక్క ముక్క మర్చిపోదు.

ఆ చెవినే నమ్ముకుని వసంతంలో జరిగే వల్లింపు సభకి దాన్ని తయారు చేశాను. ఇరవై నాలుగు వచనాల కీర్తన. ఆరు నెలలు, కిరాణాకి వెళ్ళేటప్పుడూ, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడూ, కారులో నేను ఒక వచనం, అది ఒక వచనం. నీలం గౌను కుట్టాను. సభకి సరిగ్గా గంట ముందు కొరీన్ నన్ను పక్కకి పిలిచింది.

“కెజీయా పేరు తీసేశాను ట్వైలా. ఇవాళ మనం చోటు అడిగిన చర్చి పెద్దలు వస్తున్నారు. పిల్లల్ని ఏదైనా చదవమని అడుగుతారేమో, బాగుండదు. వచ్చే ఏడు చూద్దాంలే.”

వచ్చే ఏడట! కెజీయాకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సభ అయిపోయేదాకా నా బిడ్డ తెర పక్కన నీలం గౌనులో అలా నిలబడే ఉంది, పేరు పిలుస్తారని. చర్చి పెద్దలు మా పిల్లల్ని చూసి మురిసిపోయి, తాము కొన్న పాత ఫర్నిచర్ షాపులో మాకూ చోటిస్తామన్నారు. ఆదివారం వాళ్ళకి, వారంలో రెండు రోజులు మాకు. తల్లులంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా బిడ్డని పక్కకి నెట్టి కొరీన్ బిల్డింగ్ సంపాదించింది. ఆ రోజు నుంచి కెజీయా ఒక్క వచనం కూడా నోరెత్తి చెప్పలేదు.

ఆగస్టులో, కొత్త చోటు కాబట్టి నియమాల పుస్తకం మీద అందరం మళ్ళీ సంతకాలు చేయాలంది కొరీన్. ఖాళీ షాపులో సిమెంటు నేల మీద కూర్చోబెట్టి మొత్తం గట్టిగా చదివింది. పిల్లలు పుల్ల ఐసు చీకుతూ విన్నారు. నేను సగం నిద్రలో ఉన్నాను, ఏడో నియమం వచ్చేదాకా.

“ఎవరైనా నిన్ను నొప్పిస్తే చాటున గొణుక్కోకు. మొదటి మెట్టు, ఒక్కదానివే వెళ్ళి వాళ్ళతో చెప్పు. వినకపోతే రెండో మెట్టు, ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్ళు. అప్పటికీ వినకపోతే మూడో మెట్టు, సంఘమంతటి ముందూ చెప్పు.”

సువార్తలో ప్రభువు చెప్పిన పద్ధతే. వందసార్లు విన్నదే. కానీ ఆ రోజు నా కళ్ళకి మూడో మెట్టు ఒక్కటే కనపడింది. మరుసటి శనివారం బిల్డింగ్ ప్రతిష్ఠ. చర్చివాళ్ళూ మేమూ కలిసి నూట యాభై మంది. నా పగకి మెట్లు కట్టిపెట్టి ఉన్నాయి, ఎక్కడమే తరువాయి. ఒక్కటే చిక్కు. మొదటి మెట్టు దగ్గరే కొరీన్ ‘తప్పయిపోయింది, క్షమించు’ అనేసిందంటే నా గతేం కాను? కాబట్టి ఆవిడ వినకూడదు. వినకుండా చూసుకోవాల్సింది నేనే.

సోమవారం సామాన్లు దించుతున్నారు. కొరీన్, వెండెల్ చెరో కొసా పట్టుకుని పెద్ద పుస్తకాల బీరువాని ట్రక్కులోంచి దింపుతున్నారు. ఆవిడ మొహం కందగడ్డలా ఉంది, మోకాళ్ళు వణుకుతున్నాయి. ఇదే సమయమనుకుని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“కొరీన్, నీతో ఒక మాట. ఏప్రిల్ సంగతి.”

“అయ్యో ట్వైలా, ఈ బరువు దించనీ! తర్వాత...”

“సరే, వినవన్నమాట” అన్నాను చల్లగా, తప్పుకున్నాను.

“ఏంటే నువ్వు! బీరువా నా కాలి మీద పడేది!” అని వెండెల్ అరిచాడు. అరిస్తే అరిచాడు. మొదటి మెట్టు ఎక్కేశాను. మధ్యాహ్నం సాండ్‌విచ్‌లు తినేటప్పుడు కొరీన్ నా కోసం అటూ ఇటూ వెతికింది. నేను మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే గోడలు తోమాను.

ఇంకో సంగతి. షాపువాళ్ళ పాత బోర్డులు ఇంకా పైకప్పుకి వేలాడుతున్నాయి. కెజీయా క్లాసుకి కొరీన్ ఇచ్చిన మూలలో సరిగ్గా బల్లల మీదుగా ‘పాత సరుకు, సగం ధర’ అని ఎర్రక్షరాలు. చూసుకోలేదట! “రేపే తీయించేస్తాను” అంది. నేను ఆ సాయంత్రమే అక్కడున్న ఒక్క నిచ్చెననీ తీసుకెళ్ళి మా గరాజులో పడేశాను. శనివారం దాకా ఆ బోర్డు అక్కడే ఉండాలి. వేలెత్తి చూపించడానికి నాకది కావాలి.

“అమ్మా, పైన ఏం రాసుంది?” అని అడిగింది కెజీయా.

“స్వాగతం అని” అన్నాను.

రెండో మెట్టుకి సాక్షులు కావాలి కదా. డార్లాని పిలిచాను. ఏ ఇంట్లో చిటపటలున్నా అక్కడ చెవి పెట్టే మనిషి. ఇంకొకరు బెర్నీస్ అమ్మమ్మ, కుట్టుపని చెప్పే పెద్దావిడ. బుధవారం కొరీన్ మోకాళ్ళ మీద కూర్చుని పిల్లలు వరసలో నిలబడటానికి నేల మీద రంగు టేపు అంటిస్తోంది. ముగ్గురం ఆవిడ నెత్తిన నిలబడ్డాం.

“ఏప్రిల్‌లో నా కూతురికి నువ్వు చేసిన పని గురించి వీళ్ళ ముందు అడుగుతున్నాను. చెప్పు” అన్నాను.

కొరీన్ తలెత్తి డార్లాని చూసింది, తర్వాత నన్ను.

“వీళ్ళ ముందు ఆ సంగతి మాట్లాడను ట్వైలా. నువ్వు కూడా మాట్లాడకు. మనిద్దరం కూర్చుందాం. ఇప్పుడే, నా కారులో కూర్చుందాం పద.”

“చూశారా? చూశారుగా! మాట్లాడదట!”

“ఏ సంగతే? అసలేమయింది?” డార్లా కళ్ళు మెరిశాయి.

“నాకేమీ అర్థం కాలేదు తల్లీ” అంది బెర్నీస్ అమ్మమ్మ. “కానీ చూశానులే. ఇంత మొహం మాడ్చుకుని ఎందుకే, ఆ పిల్ల పిలుస్తోందిగా, వెళ్ళరాదూ?”

వెళ్తానా! గుట్టుగా కారులో కూర్చోబెట్టి రెండు కన్నీటి బొట్లు రాల్చి తేల్చేద్దామనుకుంది. నా కూతురు చీకట్లో కాదు, తెర పక్కన వెలుగులోనే నిలబడింది. దెబ్బకి దెబ్బ కూడా వెలుగులోనే.

శనివారం ఉదయం. బల్లల నిండా ఓవెన్‌లో వండి తెచ్చిన బీన్స్ క్యాసెరోల్ గిన్నెలు, గుడ్లు, వేయించిన కోడి, బిల్డింగ్ ఆకారంలో కేకు. కుర్చీలు చాలక కుర్రాళ్ళు గోడలకి ఆనుకున్నారు. మూడో వరసలో కెజీయా, పక్కన డార్లా కూతురు టర్జా. పాటలయ్యాయి, ప్రార్థనయింది. “ఎవరికైనా ప్రభువు ఒక మాట ఇస్తే లేచి చెప్పండి” అన్నారు పాస్టర్ గారు. నేను ముందే కుర్చీ అంచున కూర్చున్నాను.

లేచాను. మొదటి మెట్టు ఎక్కాను, రెండో మెట్టు ఎక్కాను, ఇది మూడోది అన్నాను. కొరీన్ మొహం సున్నంలా తెల్లబడింది. ఆ తెలుపు చూసి నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను, చెబుతున్నాను. నాలుగు నెలల మంట మీద చన్నీళ్ళు పోసినట్టయింది. నీలం గౌను చెప్పాను. ఆరు నెలల కారు ప్రయాణాలు చెప్పాను. తెర పక్కన గంటన్నర చెప్పాను. పైనున్న బోర్డు వేలెత్తి చూపించాను. “నా బిడ్డ ఈవిడకి పాత సరుకు! ఈ గోడలు దాన్ని పక్కకి నెట్టి సంపాదించినవి!”

ముందు వరసలోంచి ఒక పెద్దాయన అయోమయంగా అడిగాడు. “మంచి జ్ఞాపకం ఉన్న పిల్లని ఎందుకు ఆపింది సిస్టర్? కారణమేదో ఉండాలి కదా?”

“కారణమా? దానికి చదవడం రాదని!” అన్నాను. నా గొంతు షాపంతా మోగింది. “తొమ్మిదేళ్ళొచ్చినా ఒక్క ముక్క చదవలేదని, మీ ముందు పరువు పోతుందని!”

కొరీన్ కళ్ళు మూసుకుంది. మెల్లగా లేచింది.

“ట్వైలా చెప్పింది నిజం. బిల్డింగ్ చేజారిపోతుందని భయపడ్డాను. పిల్ల అక్కడ నిలబడి ఉందని తెలిసి కూడా పిలవలేదు. తప్పు నాదే. క్షమించండి” అంది. తల దించుకుంది.

అంతే. నేను కోరుకున్నది కోరుకున్నట్టు, నూట యాభై మంది ముందు. నేను చుట్టూ చూశాను, అందరూ ఆవిడని ఎలా చూస్తున్నారో కళ్ళారా చూసుకుందామని.

ఎవరూ కొరీన్‌ని చూడటం లేదు. అందరి తలలూ మూడో వరసకి తిరిగాయి. కెజీయా చేతిలో పాటల పుస్తకం తెరిచి ఉంది, అందరి చేతుల్లోలాగే. టర్జా దాని వైపు వంగి, పాపం ఏ కల్మషం లేకుండానే అడిగింది. “నీకు చదవడం రాదా?”

కెజీయా పుస్తకం మూసి కుర్చీ కింద పెట్టింది. నా వైపు చూడలేదు. కొరీన్ నాలుగు నెలలు ఒక్క ప్రాణికి కూడా చెప్పని మాట, డార్లా ముందు మోకాళ్ళ మీద కూర్చుని కూడా నోరు విప్పని మాట, నేను గొంతెత్తి చెప్పాను. చాటింపు వేశాను. కూర్చుండిపోయాను.

తర్వాత కేకు కోశారు. జనం నా చుట్టూ చేరి భుజం తట్టారు, నాకొకరి మాటా ఎక్కలేదు. “చెప్పాలనుకున్నది చెప్పేశావుగా, ఇప్పుడు చల్లబడ్డావా?” అన్నాడు వెండెల్. కోపంగా కూడా అనలేదు. కెజీయా ఎక్కడా కనపడలేదు. ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉండి, మడత కుర్చీలు మోయడం మొదలుపెట్టాను. చంకకి రెండేసి ఇరికించుకుని వెనక గదిలోకి వెళ్తుంటే దారికి అడ్డంగా కెజీయా నిలబడి ఉంది. ఏడ్చిన కళ్ళు కావు. ఎండిపోయిన కళ్ళు.

“అమ్మా, నీతో ఒక మాట.”

“తర్వాతమ్మా, చూడట్లేదా చేతుల్లో బరువు...” అనేశాను.

అది కదల్లేదు. నియమాల పుస్తకం చదవకపోయినా ఒక్కసారి విన్నది చాలు దానికి.

“మొదటి మెట్టు” అంది. “ఒక్కదాన్నే వచ్చాను. నువ్వు వినకపోతే ఇద్దర్ని తెచ్చుకుంటాను. నాన్ననీ, మిస్ కొరీన్‌నీ.”

ఒక కుర్చీ జారి నా పాదం మీద పడింది. మిగతా మూడూ నేను కింద పెట్టాను.