పన్నెండో ప్లాను

యూరప్‌కి పదకొండో ప్లాను తయారవుతున్నప్పుడు ఇందిర నిద్రపోతోంది. బందరు కోనేరు సెంటరు దగ్గర జెనిఫర్ నడిపే ట్రావెల్ ఆఫీసులో, ప్లాస్టిక్ కుర్చీలో, కళ్ళు తెరుచుకునే. పెళ్ళయిన ముప్పై ఐదేళ్ళలో ఆమె నేర్చుకున్న విద్యలన్నిటిలోకీ అక్కరకొచ్చింది ఇదొక్కటే. మధ్యమధ్యలో "ఊఁ" అని కూడా అనగలదు.

గుడివాడలో వాళ్ళిల్లు బస్టాండుకి దగ్గర. ఆ ఒక్క పాపానికి, బందరు నుంచి బెజవాడ వెళ్ళే చుట్టాలందరూ "దారే కదా" అని దిగుతారు. దారి కానివాళ్ళూ దిగుతారు. హైదరాబాదు నుంచి వైజాగు విమానంలో వెళ్తూ దిగినవాడొకడు ఉన్నాడని ఇందిర ఇప్పటికీ నమ్ముతుంది. ఆమె ఇన్నేళ్ళలో కాచిన కాఫీ కాలవలోకి వదిలితే నందివాడ మండలం మొత్తానికి రెండో పంట పండేది.

అందుకే భర్త పున్నారావుకి అరవై నిండుతున్నాయని, షష్టిపూర్తికి ఆరొందల మందిని పిలుద్దామని ఇంట్లో మాట వచ్చినప్పుడు, "షష్టిపూర్తి వద్దండీ, ఎటైనా వెళ్దాం" అంది. నందివాడలో చేపల చెరువులు చూసుకునే పున్నారావు చెరువుగట్టు దాటి రెండు రోజులు ఎక్కడా ఉండలేదు. ఏ గాలి సోకిందో ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక చిన్న ఊరెందుకని ఏకంగా యూరప్ అన్నాడు.

జెనిఫర్ మొదటి ప్లాను బుద్ధిగానే వేసింది. పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండులో లూసర్న్ అనే ఊళ్ళో అయిదు, రోములో నాలుగు. లూసర్న్‌లో మంగళ, బుధ, గురువారాల ఎదురుగా ఏమీ రాయలేదు. ఆ ఖాళీ ఇందిర అడిగి పెట్టించుకుంది. అక్కడ సరస్సు ఒడ్డున బెంచీలుంటాయట. ఒక బెంచీ మీద కూర్చోవాలి. తను ఎవరింటికీ వెళ్ళకూడదు, తనింటికి ఎవరూ రాకూడదు. మిగతా పది రోజులూ ఆయన ఏ గోపురం ఎక్కమంటే ఆ గోపురం ఎక్కుతుంది. ఆ మూడు రోజులు మాత్రం తనవి.

కానీ పున్నారావు ఆ కాగితాన్ని జెరాక్సు తీయించి, నాలుగు మూలలా పసుపు రాసి, శుభలేఖలు పంచినట్టు వరసగా పంచి వచ్చాడు. ముందు అవనిగడ్డలో పెద్దక్క లక్ష్మీకాంతమ్మకి, తర్వాత నందివాడలో చిన్నక్కకి, ఆ తర్వాత బంటుమిల్లిలో తమ్ముడికి. పెద్దక్క మనవడు వరుణ్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నాడు. చిన్నక్క కూతురు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. తమ్ముడి కొడుకు మిలాన్‌లో ఉన్నాడు. అంత దూరం వెళ్ళి మనవాళ్ళ గుమ్మం తొక్కకుండా ఎలా వస్తారు? పైగా కాగితంలో మూడు రోజులు ఖాళీగా పడున్నాయి కూడానూ.

"అంకుల్, ఫ్రాంక్‌ఫర్టూ ఆమ్‌స్టర్‌డామూ వదిలేద్దాం. మిలాన్ ఒక్కటీ ఉంచుదాం. లూసర్న్ నుంచి రోముకెళ్ళే దారే," అంది జెనిఫర్. ఈ మాట ఆమె ఇదివరకు పది ప్లాన్లలో పదిసార్లు అంది.

"దారైతే మాత్రం? తమ్ముడి కొడుకింటికి ముందెళ్ళి, పెద్దక్క మనవడింటికి అసలే వెళ్ళకపోతే రేపు అవనిగడ్డలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అంకుల్, మంగళవారం పైకి ఫ్రాంక్‌ఫర్టు. బుధవారం ఇంకా పైకి ఆమ్‌స్టర్‌డాము. గురువారం మళ్ళీ కిందికి మిలాను. మూడు రోజులూ బండిలోనే ఉంటారు."

"అమ్మా, మా తమ్ముడి పెళ్ళికి ఒక్క రోజులో ముప్పై ఏడిళ్ళకి శుభలేఖలిచ్చాను. అందులో పదిహేనిళ్ళలో భోంచేశాను. నాకు నువ్వు ప్రయాణం నేర్పుతావా?"

"ఊఁ," అంది ఇందిర. అబద్ధం కాదు. ఆ పదిహేను భోజనాలూ పక్కన కూర్చుని తనూ తింది. పదహారో ఇంటివాళ్ళు తమ దగ్గర తినలేదని ఇప్పటికీ మాట్లాడరు.

జెనిఫర్ ఇందిర వైపు తిరిగింది. "ఆంటీ, సోమవారం వీసా అపాయింట్‌మెంట్. ఇవాళ సాయంత్రానికి ప్లాను తేలిపోవాలి. మీరేమంటారు?"

"నా మంగళవారం ఎక్కడైనా మిగిలిందా అమ్మా?"

జెనిఫర్ తెర మీద కిందికీ పైకీ వెతికింది. "రైల్లో ఉందాంటీ."

ఇందిర మళ్ళీ నిద్రలోకి వెళ్ళింది.

*

పదకొండో ప్లాను పెద్దక్కకి చూపిస్తేగానీ ఖాయం చేయనన్నాడు పున్నారావు. అక్కడి నుంచి అవనిగడ్డ బయల్దేరారు. చల్లపల్లి దాటాక ఆయన మిలాన్ గురించి మాట్లాడాడు. పులిగడ్డ దగ్గర ఆమ్‌స్టర్‌డామ్ గురించి మాట్లాడాడు. ఇందిర కిటికీలోంచి చూస్తూ, మూడిళ్ళకి మూడు సీసాల ఆవకాయ, మూడు సీసాల గోంగూర, ఎండు రొయ్యల పొడి, ముగ్గురు ఆడవాళ్ళకి చీరలు, అక్కడ వాళ్ళు వండినంతసేపూ వంటింట్లో నిలబడి "నేను తరుగుతాలే" అనడం, వీటన్నిటినీ తలుచుకుంది. తలుచుకుంటేనే నడుం నొప్పి పుట్టింది.

లక్ష్మీకాంతమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర. దివిసీమలో ఆమెకి తెలియకుండా గాలి కూడా దిక్కు మార్చుకోదని అంటారు. తమ్ముణ్ణి చూసి నవ్వబోయి, ఆగింది.

"ఒరేయ్ పున్నా, ఇవాళేం వారం?"

"గురువారం అక్కా."

"గురువారం పూట దక్షిణానికి బయల్దేరి వచ్చావా? వారశూల కాదంట్రా, ఆ రోజు అటు కదలొచ్చా? నాన్న ఉంటే నిన్ను గుమ్మం దిగనిచ్చేవాడా?"

"కార్లో వచ్చాం కదక్కా."

"కారుకి దిక్కులుండవేంట్రా?"

పున్నారావు తల దించుకున్నాడు. ఆయన క్యాలెండరు చూడకుండా చెరువులో చేపపిల్ల వదిలే మనిషి కాదు. ఒకసారి వర్జ్యం పోయేదాకా లారీ నిండా చేపపిల్లల్ని రోడ్డు మీదే ఆపాడు. ఆ చేపలు ఎదిగాక కూడా ఆయన్ని గుర్తుపట్టి అటు తిరిగి ఈదేవి.

ఇందిర నిజంగా మేలుకుంది. పదిహేను రోజుల్లో మొదటిసారి.

"వదినగారూ," అంది మెల్లగా. "మంగళవారం ఎటు శూలండీ?"

"మంగళ, బుధ ఉత్తరం. ఆ మాత్రం తెలీదా?"

"తెలుసనుకోండి. జెనిఫర్‌ని ఓ మాట అడుగుదామని."

ఫోను కలిపి స్పీకరు పెట్టింది. "అమ్మా జెనిఫర్, లూసర్న్‌కి ఫ్రాంక్‌ఫర్టు ఎటు?"

"నార్త్ ఆంటీ. ఉత్తరం."

"మేం వెళ్ళేది?"

"మంగళవారం."

లక్ష్మీకాంతమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"బుధవారం ఆమ్‌స్టర్‌డామో?"

"ఇంకా ఉత్తరం ఆంటీ."

"గురువారం మిలాను?"

"దక్షిణం." జెనిఫర్‌కి విషయం తెలియకపోయినా, ఏదో మంచి జరుగుతోందని తెలిసిపోయింది. "తిన్నగా దక్షిణమే ఆంటీ. ఇంతకన్నా దక్షిణం ఉండదు."

"రామరామ!" అంది లక్ష్మీకాంతమ్మ. "మూడ్రోజులూ శూలకి ఎదురెళ్ళడమేనా? ఏరి కోరి పెట్టావంట్రా?"

పున్నారావు కాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు ఇందిరకి బాగా తెలుసు.

"ప్రస్థానం పెడదాం అక్కా!"

వెళ్ళాల్సిన రోజు బాగోకపోతే, ముందే మంచి రోజు చూసి ఓ సంచీనో, పెట్టెనో అటువైపు పంపేస్తారు. దాంతో ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. వాళ్ళ నాన్న చేసేవాడు. లక్ష్మీకాంతమ్మ కూడా తలూపింది. వెంటనే వరుణ్‌కి ఫోను వెళ్ళింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ కుర్రాడు ఆఫీసు మెట్ల మీదికొచ్చి మాట్లాడాడు.

"తాతయ్యా, మీ పెట్టె తీసుకెళ్ళడానికి నేను స్విట్జర్లాండు రావాలా?"

"మంగళవారానికి ముందే రావాలి. శాస్త్రం."

"ఆదివారం వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతాను. వస్తాలెండి. ఆవకాయ కోసమైనా వస్తాను."

పున్నారావు విజయగర్వంతో చుట్టూ చూశాడు. ఇందిర కళ్ళు మూసుకుంది. నిద్రకి కాదు. పెట్టె గురించి ఆలోచించడానికి. అందులో ఆవకాయ ఉంటుంది, గోంగూర ఉంటుంది, చీరలు ఉంటాయి. అంటే అక్కడికి చేరాల్సినవన్నీ ఉంటాయి.

"వదినగారూ, వరుణ్ ఆదివారం వచ్చి మాతో కూర్చుని భోంచేస్తాడు. రాత్రికి ఉంటాడు. పెట్టె తీసుకెళ్తాడు. మళ్ళీ మంగళవారం మేమెందుకండీ ఆ పెట్టె వెనకాల?"

"వాళ్ళింటికి వెళ్ళొద్దా?" అన్నాడు పున్నారావు.

"మనవడే వచ్చి చూశాక మనం వెళ్ళినట్టేగా. శూలకి ఎదురెళ్ళి, రేపు బిడ్డకి తలనొప్పి వచ్చినా మన వల్లే అంటారు."

లక్ష్మీకాంతమ్మ చాలాసేపు ఆలోచించింది. ఎంతసేపంటే, పున్నారావుకి అరవై నిండి అరవై ఒకటి పడిందేమో అనిపించింది.

"వద్దురా. వాడొస్తాడుగా. మీరు కదలకండి."

"మరి చిన్నక్క కూతురూ, తమ్ముడి కొడుకూ?"

"పెద్దదాన్ని, నా మనవడింటికే వెళ్ళనప్పుడు వాళ్ళింటికెలా వెళ్తావురా? వాళ్ళ సీసాలు కూడా వరుణ్‌కే ఇవ్వు. పార్సిలు చేస్తాడు."

పదకొండు ప్లాన్లను చెడగొట్టిన వరసే పన్నెండోదాన్ని నిలబెట్టింది. ఇందిర జెనిఫర్‌కి చెప్పింది.

"ఆంటీ, ఇది మొదటి ప్లానే కదా," అంది జెనిఫర్.

"పన్నెండోది అని రాయమ్మా. మీ అంకుల్‌కి అలాగే చెప్పాలి."

"సరే. మంగళ, బుధ, గురు ఏం రాయను? ఊరికే ఖాళీ వదిలితే వీసావాళ్ళు అడుగుతారేమో."

"కూర్చుంటాం అని రాయి."

*

తిరుగు ప్రయాణంలో ఇందిర ఒళ్ళో లక్ష్మీకాంతమ్మ ఇచ్చిన కాగితం ఉంది. మూడిళ్ళ సీసాలకి తోడు, వరుణ్ పక్కింటివాళ్ళకి, ఆ పక్కింటివాళ్ళ అత్తగారికి, మొత్తం పదకొండు సీసాలు. రేపటి నుంచి వెల్లుల్లి ఒలవాలి. ఒలిచేదీ ఆమే, కలిపేదీ ఆమే, మూతలు బిగించి గుడ్డ కట్టేదీ ఆమే. వేళ్ళు ఇప్పటి నుంచే మండుతున్నట్టున్నాయి.

మోపిదేవి దాటాక పున్నారావు గొంతు సవరించుకున్నాడు.

"మూడ్రోజులు ఊరికే కూర్చుంటే తోస్తుందంటావా?"

"నాకు తోస్తుంది."

చేలు వెనక్కి వెళ్తున్నాయి.

"మంగళవారం పొద్దున్నే మనకి కాఫీ ఎవరిస్తారో?" అన్నాడు.

"ఎవరో ఒకరు," అంది ఇందిర, సీటుకి తల ఆనించి. "వాళ్ళ పేరు కూడా నాకు తెలీదు."

ఈసారి కళ్ళు మూసుకునే నిద్రపోయింది.